అద్దాల గదిలో మిరప మంట

ఇరవయ్యేళ్ల కిందటి మాట. పిల్లలిద్దరినీ గుంటూరులో పిల్లల మ్యూజియానికి తీసుకెళ్లాం. అంతకుముందు రోజంతా నేను మిరప కల్లంలో పాలిపోయిన తాలుకాయలు ఏరాను. సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కునే బయల్దేరాను.

అక్కడి అద్దాల గదిలో, వంకర అద్దంలో తన పొట్ట చూసుకుని మా ఐదేళ్ల చిన్నోడు పడీపడీ నవ్వాడు. వాడి కళ్లలో నీళ్లొస్తే నా అరచేత్తో తుడిచాను. అంతే, "అమ్మా, కళ్లు కనపడట్లేదే!" అని కెవ్వుమన్నాడు.

జనం మూగారు. "అద్దం గాని గుచ్చుకుందా అమ్మా?" అంటూ వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చాడు.

"కాదండీ, నా చేతులే. మిరపకాయల చేతులు," అన్నాను, సిగ్గుతో చచ్చిపోతూ.

మా ఆయన వాణ్ణి కుళాయి దగ్గరికి ఎత్తుకెళ్లి చాలాసేపు కళ్లు కడిగారు. చివరికి వాడు ఎర్రటి కళ్లు తెరిచి, నా అరచేతులకేసి చూశాడు.

"అమ్మా, నీ చేతులు రోజూ ఇంత మండుతాయా?"

"లేదురా," అన్నాను. వాడితో నేనాడిన మొదటి అబద్ధం అదే.