వెర్నా ఇంటి మూల గుంజ

మా రేవులో చలికాలం వస్తుందంటే ఒడ్డుకు కొట్టుకొచ్చిన సముద్రపు గడ్డిని కొయ్య ఇళ్ల గోడల మొదట్లో మోకాలెత్తున పేరుస్తాం, ఇంటి కిందికి చలిగాలి దూరకుండా. మంచు కరగ్గానే తీసేస్తాం. తియ్యకపోతే తేమకు గోడ కుళ్లుతుందని చంటిపిల్లలకూ తెలుసు. చేపల ఫ్యాక్టరీలో పనిచేస్తూ జుట్టు నెరిసిన వెర్నాకు తెలియదా? అయినా తియ్యలేదు. ఆ గడ్డి పేర్చిన ఆమె భర్త మర్విన్ ఆ చలికాలమే పోయాడు. మూడేళ్లయినా, ఎవరైనా దాని మీద చెయ్యి వెయ్యబోతే కస్సుమనేది. పక్కింటివాణ్ణి, రోజూ చూస్తుంటే నాకు ఒళ్లు మండేది.

ఈ మే నెలలో ఆమె వంటింటి తలుపు బిగుసుకుపోయింది. గోడ ఒరిగిందన్నమాట. పట్నం నుంచి తమ్ముడు ఎల్రాయ్ దిగాడు. గోడ కింద పరిచిన అడుగు దూలం పోతే మార్చుకోవచ్చు, ఇంటి బరువు మోసే మూల గుంజ కూడా కుళ్లి ఉంటే మాత్రం ఇల్లు వదిలేసి తనతో వచ్చెయ్యాలన్నాడు. వెర్నా ఒప్పుకుంది. గడ్డి మాత్రం తనే లాగుతానంది.

లాగింది. గోడ అడుగు పలకలు చేతికే ఊడొచ్చాయి. ఎంత కుళ్లిందో చూద్దామని వెర్నా కత్తితో పొడిస్తే, దూలంలో పిడి దాకా దిగిపోయింది. ఎల్రాయ్ నా వంక చూశాడు. ఇక మూల గుంజ. వెర్నా కత్తి ఎత్తి పొడిచింది. టక్కున ఆగిపోయింది.

"ఒరేయ్, నువ్వూ పొడిచి చూడు. ముసల్దాని చేతిలో బలం లేదంటావు మళ్లీ."

ఎల్రాయ్ బలమంతా పెట్టి పొడిచాడు. కత్తి మొన విరిగింది.

"రాయిలా ఉందే అక్కా," అంటూ కోటు విప్పేశాడు.

పడవల షెడ్డు నుంచి జాకీలు మోసుకొచ్చాం. ఇల్లు కిర్రుమంటూ వేలెడు లేచిందో లేదో, వంటింటి తలుపు దానంతటదే తెరుచుకుంది. ముగ్గురం కేకలు పెట్టాం. కొత్త దూలం దూర్చాం, పలకలకు మట్టి తగలకుండా గోడ వెంబడి నేల తవ్వి కంకర పోశాం. వెర్నా ఇంటి చుట్టూ పరుగులు పెడుతూ ఇద్దర్నీ తిట్టిపోసింది. ఎంత బాగుందో ఆ తిట్లు వినడం!

పెరట్లో కుళ్లిన గడ్డి కుప్ప మిగిలింది. దాని మాట ఎత్తే ధైర్యం మాకు లేదు. ఆమే పార పట్టి తోపుడు బండికెత్తి, బంగాళాదుంపల మడిలో ఎరువుగా పరిచింది.

"గోడకి చేరగిలబడింది చాలు మర్విన్. ఇక దుంపల పని చూడు."