నల్లా గోడ మీద సముద్రం

ఆ ఆదివారం సరిగ్గా పది గంటల ఇరవై నిమిషాలకు మా నాన్న ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నాడు. ఆ రోజుల్లో, అంటే ఎనభైల మధ్యలో, బొంబాయి కామాఠిపురాలో, వరస గదుల మా చాల్‌లో, గోడలకు సిమెంటు గిలాబు చేసే మేస్త్రి ఇస్త్రీ చొక్కా వేశాడంటే ఎవరిదో పెళ్లయినా అయ్యుండాలి, ఎవరికో జామీనైనా ఇవ్వాల్సి ఉండాలి. ఆ రోజు రెండూ లేవు. నా ఫొటోల ప్రదర్శన చూడటానికి వస్తానన్నాడు. (ఇంట్లో గొప్పగా చెప్పుకున్నది నేనే. వస్తాడని మాత్రం అనుకోలేదు.)

అప్పుడు నాకు ఇరవై రెండేళ్లు. గ్రాంట్ రోడ్‌లో ఒక స్టూడియోలో పాస్‌పోర్టు ఫొటోలు తీస్తూ, రీలు చివర మిగిలిన ఫిల్ముతో కళాసాధన చేసేవాణ్ణి. (మిగిలేది రెండు మూడు ఫొటోలకే కాబట్టి నా కళ కూడా రెండు మూడు చొప్పున ఎదిగింది.) ముఖాలు ఎవరైనా తీస్తారని, గొప్పవాళ్లు గోడల్ని తీస్తారని ఎక్కడో చదివాను. చాల్‌లో గోడలకు కొదవ లేదు. పెచ్చులూడినవీ, చెమ్మ పట్టినవీ బాగా దగ్గర నుంచి తీసి, నెగటివ్‌ను గీకి, తలకిందులుగా ప్రింటు వేసి ‘సముద్రం’, ‘ఏకాంతం’ అని పేర్లు పెట్టాను. కొత్తవాళ్ల ప్రయోగాలకు చోటిచ్చే గ్యాలరీ మేడం “ఎక్కడ తీశావు?” అంటే కొంకణ తీరమన్నాను. “ఎక్కడుంటావు?” అంటే మర్యాదస్తులుండే దాదర్ అన్నాను. కామాఠిపురా పేరు వినగానే అక్కడి ఎర్రదీపాల సందులు గుర్తొచ్చి జనం ముఖంలో వచ్చే నవ్వు నాకు తెలుసు. ఆ నవ్వు ఆ హాల్లో కనిపించకూడదన్నదే అప్పట్లో నా కోరిక.

నాన్న చెప్పులు గ్యాలరీ తలుపు దగ్గర విడిచి లోపలికొచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకుని ఒక్కొక్కటీ చూస్తూ ‘సముద్రం’ ముందు ఆగిపోయాడు. తర్వాత, గోడలో చెమ్మ చూసినట్టు, అరచెయ్యి దాని మీద ఆనించాడు.

“నాయినా, ముట్టొద్దు!”

“ఇది మన నీళ్ల నల్లా కాడి గోడ గదరా?”

“మెల్లగ మాట్లాడు. అది సముద్రం.”

“యాడి సముద్రంరా? నేను గిలాబు చేసిన గోడ నాకెర్క లేదా? తలకిందులు పెట్టినవ్, అంతే.”

మేడం దగ్గరకొచ్చింది. ఎవరని ఆమె అడిగేలోపే నాన్న తన బంబై హిందీ అందుకున్నాడు. “సముందర్ నహీ బాయీ. హమారే చాల్ కా దీవార్ హై. కామాఠిపురా. మైనే బనాయా.”

సముద్రం కాదు, మా చాల్‌లో ఆయన చేతి గోడ అని విన్నాక ఆమె నా వైపు చూసింది. నేను భయపడ్డ నవ్వు రాలేదు. కొంకణ తీరం కంటే ఇదే బాగుందని, ఫొటో కింది పేరు మార్చి ఆ గోడ పేరే రాయమని చెప్పి వెళ్లిపోయింది. బతికిపోయాననుకున్నాను. నాన్న మాత్రం తల దించుకున్నాడు.

తిరుగు బస్సులో అసలు సంగతి చెప్పాడు. “పని పెట్టించిన ముకద్దం సిమెంటు తక్కువిచ్చిండు. ఇసుకెక్కువేసి కానిచ్చిన. పదేండ్లు గాకముందే పెచ్చులూడె. నాదే తప్పు. దాన్ని తీస్కపోయి పట్నమంతటికి చూపెడ్తవారా?”

అప్పటిదాకా దాచుకోవలసింది నాకొక్కడికే ఉందనుకున్నాను.

మరుసటి ఆదివారం ఆయన నల్లా గోడ చెక్కి కొత్త గిలాబు మొదలుపెట్టాడు. సిమెంటు, ఇసుక మాలు కలిపింది నేనే. (“నీ కళ కన్న ఇదే నయముంది” అని అమ్మ మెచ్చుకుంది.) ఆపై వారం ‘ఏకాంతం’, ఆ తర్వాత మెట్ల పక్క గోడ. ఫొటోకెక్కిన ఏ గోడనూ ఆయన వదల్లేదు. “ఇగ తియ్యి, ఎన్ని తీస్తవో” అన్నాడు. తీయడానికేముంది? గోడ నున్నగా ఉంది. దాని ముందు తాపీ పట్టుకుని, మోచేతుల దాకా సిమెంటుతో నిలబడ్డ మనిషి నా కళకు పనికొచ్చే విషయంగా కనిపించలేదు. కెమెరా సంచిలో పెట్టేశాను. ఆ ఇరవై రెండేళ్ల కళాకారుణ్ణి తలచుకుంటే ఇప్పుడు కోపం కూడా రాదు, నవ్వొస్తుంది.

నాన్న పోయి చాలా ఏళ్లయింది. ఆ గోడకు ఇప్పుడు టైల్సు అతికించారు. దానికి ఇక గిలాబు ఎవరూ చెయ్యరు. తాపీ పట్టుకుని నిలబడ్డ ఆయన ఫొటో నా దగ్గర లేదు.