టేప్ రికార్డర్ మోసుకొచ్చిన మా సుగుణక్క

నిన్న పొద్దున్నే ఫోన్. సుగుణక్క కొడుకు.

"చిన్నమ్మా, అమ్మ పోయింది. నిద్రలనే పోయింది."

"ఏ అమ్మ?" అన్నాను. తెలిసే అడిగాను. ఇంకో క్షణం ఆ మాట నిజం కాకుండా ఉంటుందేమోనని.

పొద్దంతా ఏడ్చాను. సాయంత్రానికి ఒక్కదాన్నే కూర్చుని నవ్వడం మొదలుపెట్టాను. అక్కను తలుచుకుంటే ఇంకేం వస్తుంది మరి?

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. సుగుణక్కది గోదావరిఖని. వాళ్ల నాన్న బొగ్గుబాయిలో కార్మికుడు. అక్క అక్కడే స్కూల్ టీచర్. 1970ల్లో సెలవు పెట్టి హైదరాబాద్ వచ్చి ఎం.ఎడ్.లో చేరింది. హాస్టల్లో నా రూమ్మేట్.

ఇప్పుడు ఎడ్యుకేషన్ టెక్నాలజీ అంటున్నారు కదా, మా రోజుల్లో దాన్ని "ఆడియో విజువల్" అనేవాళ్లం. స్లైడ్ ప్రొజెక్టర్, రేడియో, టేప్ రికార్డర్. అంతే మా టెక్నాలజీ.

బడి మొహం చూడని కార్మికుల భార్యలకు స్లైడ్లతో చదువు నేర్పడం అక్క థీసిస్. తోడుగా నేనూ ఖనికి వెళ్లాను.

ఎండాకాలం మధ్యాహ్నం. కాలనీలో ఒక గది కిటికీలకు దుప్పట్లు కట్టి చీకటి చేశాం. అ అంటే అమ్మ, ఆ అంటే ఆవు, ఓ అంటే ఓడ. గోడ మీద రంగుల బొమ్మలు ఎంత బాగా పడ్డాయో!

కాసేపటికి గురక వినిపించింది.

దుప్పటి తీసి చూస్తే సగం క్లాసు నిద్రలో ఉంది. మల్లవ్వ అనే పెద్దావిడ కళ్లు తుడుచుకుంటూ లేచింది.

"మస్తు నిద్రవట్టింది బిడ్డా. సల్లగున్నది. రేపు గూడ పెడ్తవా?"

నాకు నవ్వాగలేదు. అక్క మొహం మాత్రం పాలిపోయింది. ఆ ఎండాకాలంతో సెలవు అయిపోతుంది. మళ్లీ సెలవు ఇచ్చేది లేదని స్కూలువాళ్లు ముందే చెప్పేశారు. థీసిస్ ఇవ్వకుండా తిరిగి వెళ్తే చదువు అక్కడితో ఆగిపోయినట్టే.

హాస్టల్లో అందరూ ఒకటే సలహా. ఈ సంగతి బయటపెట్టకు, టీచర్లకు ప్రశ్నలు పంపి ఏదో ఒకటి రాసి ఇచ్చేయ్ అని.

అక్క నేరుగా గైడ్ దగ్గరికి వెళ్లి గురకతో సహా మొత్తం చెప్పేసింది. సార్ కళ్లద్దాలు తీసి మరీ నవ్వారు.

"నిద్రపోయారనే రాయండమ్మా. అదీ రిజల్టే. ఎందుకు నిద్రపోయారో వాళ్లనే అడగండి."

ఈసారి టేప్ రికార్డర్‌తో బయల్దేరాం. కుట్టుమిషనంత బరువు. రామగుండం స్టేషన్ నుంచి రిక్షాలో దాన్ని పసిపిల్లలా ఒళ్లో పెట్టుకుని వచ్చింది అక్క.

"అవ్వా, నీకు ఏం సదవాల్నని ఉన్నది?" అని మల్లవ్వను అడిగింది.

"ఓడతోని నాకేం పని బిడ్డా? బస్సు బోర్డు సదవాలె."

"ఎందుకు?"

అంతే. మల్లవ్వ మొదలుపెట్టింది. అక్క చప్పుడు చెయ్యకుండా టేప్ ఆన్ చేసింది.

"నాకు 'మం' ఒక్కటే ఎరుక. మా బిడ్డ కాన్పయింది, మంచిర్యాలకు పోవాలె. బోర్డు మీద 'మం' కనవడ్డది, ఎక్కి కూసున్న. దిగి సూస్తే మంథని! మల్ల నేను మంచిర్యాల వొయ్యేసరికి మనుమడు బోర్లవడ్తుండె!"

గదంతా ఒకటే నవ్వులు. టేప్ వెనక్కి తిప్పి వినిపిస్తే మల్లవ్వ నోరు తెరిచింది.

"ఇది నా గొంతేనా? గిట్ల ఒర్రుతనా నేను?"

అక్క అవే మాటలను పెద్ద చార్టు మీద రాసింది. టేప్ నడుస్తుంటే మల్లవ్వ తన మాటల కిందే వేలు పెట్టి జరుపుకుంటూ పోయింది. ఎవ్వరూ నిద్రపోలేదు. పైగా నా ముచ్చట పెట్టు అంటే నాది పెట్టు అని కొట్లాట! పక్క క్వార్టర్ ఖాజాబీ సగం ఉర్దూలో, సగం తెలుగులో తన పెళ్లి కథ చెప్పింది.

ఎండలు తగ్గే లోపు మల్లవ్వ ఒక్కతే మంచిర్యాల వెళ్లొచ్చింది.

"'మం' పక్కపొంటి 'చి' సూస్కోనే ఎక్కిన!" అని కాలనీ అంతా వినపడేలా చెప్పింది. అక్క ఆమెను గట్టిగా వాటేసుకుంది.

వైవాకు వచ్చిన ఎగ్జామినర్ సీరియస్ మనిషి. "ఇందులో కొత్తదనం ఏముందమ్మా?" అని అడిగారు.

అక్క టేప్ రికార్డర్‌ను బల్ల మీద పెట్టింది. స్విచ్ నొక్కింది. మల్లవ్వ గొంతు గదంతా నిండింది. పెద్దాయన పెదాలు బిగబట్టి చూశారు, ఆగలేక పగలబడి నవ్వారు. నవ్వు ఆగాక అడిగిన మొదటి ప్రశ్న: "ఆ మనవడు ఎలా ఉన్నాడు?"

"మంచిగున్నడు సార్. జర పెద్దగైతే మా బళ్లనే ఏస్తరట!"

పాసైపోయింది మా అక్క.

తర్వాత ఎంతమంది టీచర్లకు పాఠాలు చెప్పిందో. పోయినేడు నా మనవరాలు ఇదే సబ్జెక్టులో పీహెచ్‌డీలో చేరి, ముందు యాప్ తయారు చేస్తానంటే ఫోన్లోనే క్లాసు తీసుకుంది.

"యాప్ తర్వాత బిడ్డా. ఎవలకు ఏం వస్తలేదో పోయి పక్కన కూసోని సూడు. రాసింది మంచిగ లేకున్నా గైడ్‌కు సూపెట్టు, దాస్కోకు. ఒక దోస్తును ఎంట పెట్టుకో. యాల్లకు తిను."

మొన్న పిల్ల ఏడుస్తూ అక్కకు ఫోన్ చేసింది. మన మంచిర్యాల పక్క జైపూర్ దగ్గర బడిలో తను చేసిన పాఠం ట్రయల్ మొత్తం ఫెయిలైందట.

అవతలి నుంచి అక్క సంబరం నాకూ వినపడింది. "మంచిగైంది! అసలు పని ఇప్పుడు షురూ అయితది సూడు!"

నేను విన్న ఆఖరి మాట అదే.

పిల్ల ఇవాళ మళ్లీ ఆ బడికి వెళ్లింది అక్కా. నేను ఆపలేదు.

ఇక ఏ ఫికరూ పెట్టుకోకు. హాయిగా, చల్లగా ఉండు. పోయిరా సుగుణక్కా.