గోడకేసి నిలిపిన బండి

అనకాపల్లిలో పూడిమడక రోడ్డు మీద జాన్ బాబు షెడ్డుకి బోర్డు లేదు, చీటీలు లేవు, రసీదులు అసలే లేవు. ఉన్నదొక్కటే పద్ధతి. పని పూర్తయిన బండి ముఖం రోడ్డు వైపు ఉంటుంది. పని మిగిలిన బండి ముఖం గోడ వైపు ఉంటుంది. రోడ్డు వైపు ఉంటే సొంతదారు గూట్లోంచి తాళం తీసుకుని, కిక్ కొట్టి, ఎవర్నీ అడక్కుండా పోవచ్చు. గోడ వైపు ఉంటే కలెక్టరు బండైనా ముట్టుకోడానికి వీల్లేదు. ముప్పై ఏళ్లలో ఆ మాట ఒక్కసారీ తప్పలేదు. జాన్ బాబు పోతూ పోతూ పెద్ద కూతురు లూర్దు మేరీకి ఇచ్చింది ఒక పెట్టెడు పానాలూ, ఈ మాటా. అంతకు మించి ఆయనకేమీ లేదు.

అది 1999. మేరీకి ఇరవై రెండేళ్లు. పదేళ్లప్పటి నుంచి తండ్రి పక్కన కూర్చుని ఇంజన్లు విప్పిన పిల్ల. అయినా మొదటి ఏడాది వచ్చినవాళ్లంతా గుమ్మంలో నిలబడి, మెకానిక్కు ఎప్పుడొస్తాడని అడిగేవారు. మోచేతుల దాకా నల్ల నూనె పూసుకున్న మనిషిని ఎదురుగా పెట్టుకుని ఆ ప్రశ్న అడిగే మహానుభావుల్ని ఏమనాలో నాకు తెలియదు. మేరీ మాత్రం బండి స్టాండు వేసి పని మొదలుపెట్టేది.

చెరుకు రైతు సింహాచలం ముగ్గురు మెకానిక్కులు చేతులెత్తేసిన బండిని తోసుకుంటూ వచ్చాడొక రోజు. మేరీ స్క్రూడ్రైవరు మొన ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకుంది. డాక్టరమ్మలా ఏం వింటున్నావని ఆయన వేళాకోళం చేశాడు. ఆమె లోపలి బేరింగు ఒకటి మార్చింది. బండిని తనే శారదా నది వంతెన దాకా నడిపి, తిరిగొచ్చి, రోడ్డు వైపు తిప్పి నిలబెట్టింది. మర్నాటికల్లా సింహాచలం ఊళ్లోని బళ్లన్నీ ఆ షెడ్డు ముందున్నాయి.

మేరీకి ఈ లోకంలో ఇద్దరే. తల్లి రోజలిన్, చెల్లెలు షైనీ. రోజలిన్ కాన్వెంటులో వంటమనిషి. పొద్దున్నే వెళితే సాయంత్రం రావడమే. ఇంటి పక్కనున్న షెడ్డులోకి ఏడాదికి నాలుగుసార్లు తొంగి చూస్తే గొప్ప. ఆ గ్రీజు వాసన తనకి పడదనేది; బండి ఎటు తిరిగుంటే ఏమిటో ఆమెకి తెలియదు. షైనీ మేరీకన్నా ఏడేళ్లు చిన్న. పుట్టినప్పటి నుంచీ అక్క ఒళ్లోనే పెరిగింది.

షైనీకి పరవాడ కంపెనీలో ప్యాకింగు పని దొరికిన ఏడాది, చెల్లెలికోసం మేరీ ఒక బండి తయారు చేసింది. కొనలేదు, తయారు చేసింది. ఇంజను కాలిపోయిన బండి ఫ్రేము ఒక చోట, ఫ్రేము విరిగిన బండి ఇంజను ఇంకో చోట తెచ్చింది. సొట్టలు పడ్డ పెట్రోలు ట్యాంకుని చెక్క సుత్తితో తట్టి తట్టి నున్నగా చేసింది. పదకొండు నెలలు పట్టింది. దాని కాగితాల కోసం రవాణా ఆఫీసులో నిలబడ్డప్పుడు, తయారు చేసిన మనిషి సంతకం కావాలి, మీ ఆయన్ని పిలు అన్నారు. సంతకం తనే పెట్టింది. ఎర్ర రంగు వేసి, తాళానికి ఏటికొప్పాక లక్క చిలక కట్టి చెల్లెలి చేతికిచ్చింది. షైనీ వారంలో నేర్చేసుకుంది. ఆడపిల్ల చెరోవైపు కాలేసుకుని హైవే మీద పోతుంటే నోళ్లు తెరిచినవాళ్లు తెరిచారు. గొణుగుతూనే రోజలిన్ ఆదివారం పూజకి దాని వెనక సీటు మీదే వెళ్లేది. దిగేటప్పుడు చుట్టూ ఓసారి చూసేది, ఎవరైనా చూశారా లేదా అని.

2006 ఈస్టరు ముందు గురువారం నాడు ఆ బండికి ముందు బ్రేకు షూలు మార్చాల్సి వచ్చింది. షైనీ మధ్యాహ్నం షిఫ్టుకి కంపెనీ బస్సులో వెళ్లింది. మేరీ చక్రం విప్పి, కొత్త షూలు వేసి, చక్రం ఎక్కించి, ఇరుసు నట్టు చేత్తో తిప్పింది. పానా పెట్టి బిగించబోతుంటే సాయంత్రం పూజకి గంట కొట్టారు. రోజలిన్ గుమ్మంలోంచి కేకేసింది, ఇక కట్టిపెట్టమని.

వాళ్లింట్లో ఒక ఆచారం ఉంది. ఆ గురువారం పూజ తర్వాత శనివారం రాత్రి దాకా గుడిలో గంట మోగదు. గంట మోగనంతసేపూ ఆ ఇంట్లో సుత్తి పట్టరు, పానా పట్టరు. ఏసుసామికి మేకులు కొట్టిన ఇనుము మీద చెయ్యి వెయ్యకూడదని జాన్ బాబు తల్లి పెట్టిన నియమం. బండి మాత్రం ఇనుము కాదా అని షైనీ చిన్నప్పుడు అడిగితే, ఎక్కడం తప్పు కాదు, బిగించడం తప్పని నాయనమ్మ తీర్పు చెప్పిందట. మేరీ పానా పెట్టెలో వేసేసింది. బండిని గోడ వైపు తిప్పి నిలబెట్టింది. శనివారం గంట మోగాక రెండు నిమిషాల పని.

శుక్రవారం పొద్దున్నే మేరీ గుడి కడగడానికి వెళ్లింది. ఊరేగింపులో మోసే పెద్ద సిలువ ఏడాది పొడుగునా జాన్ బాబు షెడ్డులోనే, గోడకి జారేసి ఉంటుంది. అంత పొడుగు కొయ్యకి గుడి కొట్లో చోటు లేదు. దాన్ని తీసుకెళ్లడానికి గుడి పెద్దలు వచ్చారు. కాన్వెంటుకి సెలవు కనక రోజలిన్ తలుపు తీసింది. సిలువకి ఎర్ర బండి అడ్డం. ఆమె దాన్ని ఈవలకి లాగి, సిలువ వెళ్లాక, సులువుగా ఎటు తిరిగితే అటు నిలబెట్టేసింది. అది రోడ్డు వైపు తిరిగింది.

పది గంటలకి షైనీ లేచింది. నక్కపల్లి నుంచి పెద్దమ్మని మూడు గంటల ప్రార్థనకి తీసుకురావాలి. షెడ్డులో బండి రోడ్డు వైపు చూస్తోంది. అక్క రాత్రే పని ముగించిందనుకుంది. చిలక తాళం తీసుకుని వెళ్లిపోయింది. హైవే మీద ముందు చక్రం ఊడిపోయింది. ఆ పిల్లకి ఇరవై రెండేళ్లు నిండలేదు.

మేరీకి ఒకటే అర్థం కాలేదు. శవం ఇంటికొచ్చింది, మట్టి చేశారు, ఎవరో గంజి తాగించారు, అన్నిటి మధ్యా ఒకటే. గోడకేసి పెట్టిన బండి ఎలా వెళ్లింది? తనే తిప్పడం మర్చిపోయిందా? తన చేతుల్ని తనే నమ్మలేక రెండు రోజులు వాటివైపు చూస్తూ కూర్చుంది. ఆదివారం సాయంత్రం తల్లి గోడకి తల కొట్టుకుంటూ, ఆ పొద్దున్న సిలువ తీసేటప్పుడు బండిని తనే ఈవలకి లాగి పెట్టాననీ, అప్పుడే దాన్ని తగలబెట్టి ఉంటే పిల్ల దక్కేదనీ ఏడ్చింది. అక్కడున్న ఆడవాళ్లు ఓదార్చారు. వాళ్లకేమీ తట్టలేదు. షెడ్డు పద్ధతి తెలిసినది ఆ గదిలో మేరీ ఒక్కతే. ఆమె గుండె అక్కడికక్కడే ఆగిపోతే బాగుండేదని నాకు అనిపిస్తుంది.

మర్నాడు సింహాచలం పలకరించడానికి వచ్చాడు. పద్ధతి తెలిసిన మనిషి. మేరీ ఎదురుగా కూర్చుని, మెల్లిగా అడిగాడు.

"అమ్మా మేరీ, నట్టు బిగించని బండి నువ్వు గోడకేసి పెడతావు గదా. ఆయేళ ఎటు పెట్టేవు?"

రోజలిన్ మూలన కూర్చుని వింటోంది. గోడకేసి పెట్టానంటే, తర్వాత ప్రశ్న ఎవరు తిప్పారని. గదిలో అందరికీ నిన్నటి ఏడుపు గుర్తుంది.

"రోడ్డుకేసే పెట్టేను మావయ్యా. మర్చిపోయేను," అంది మేరీ.

సింహాచలం తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు. రోజలిన్ మాత్రం తలెత్తి పెద్ద కూతురి వైపు చూసింది. ఆ చూపు తర్వాత మూడేళ్ల పాటు ఆమె మేరీని పేరు పెట్టి పిలవలేదు. వండితే తినేది, జ్వరమొస్తే మందు వేయించుకునేది, అంతే. ఇక ఊరి సంగతి చెప్పేదేముంది? సొంత చెల్లెలి బండికే నట్టు మరిచిన మనిషి అన్నారు. ఆడదాని చేతికి పానా ఇస్తే ఇంతేనని కూడా అన్నారు; ఆ మాటకోసం ఏడేళ్లుగా కాచుకున్నవాళ్లు ఊళ్లో చాలామందే ఉన్నారు. ఏడాది తిరక్కుండా షెడ్డు ఖాళీ అయింది. మేరీ పానాల పెట్టె మంచం కిందకి తోసేసి, చెల్లెలు ఎక్కిన కంపెనీ బస్సే ఎక్కి, పరవాడలో ప్యాకింగు పనికి పోయింది. బస్సు ఇంజనులో చప్పుడు తేడాగా వినిపిస్తే కిటికీ వైపు తిరిగి కూర్చునేది.

2009లో మళ్లీ గుడ్ ఫ్రైడే వచ్చింది. రోజలిన్‌కి షెడ్డు తలుపు గడియ తీసే సత్తువ లేదు. మేరీ తీసింది. ఖాళీ షెడ్డు. గోడకి జారేసిన సిలువ. ముసలామె గోడ మీద చెయ్యేసి నిలబడింది.

"ఒలే మేరీ," అంది. మూడేళ్ల తర్వాత ఆ పేరు. "రాత్రులు నాకు ఆ బండి ముకం ఈ గోడకేసి ఉన్నట్టు కనబడతంది. నేనే గాని తిప్పేనేటే?"

మేరీ మూడేళ్లుగా లోపల దాచిన మాట అదే. చెప్పేస్తే నాన్న మాట నిలబడుతుంది, తన చేతులు తనకి తిరిగొస్తాయి. ఎదురుగా తల్లి చెయ్యి గోడని పట్టుకుని ఉంది.

"లేదమ్మా. రోడ్డుకేసే ఉంది. నువ్వు పక్కకి జరిపేవంతే. మర్చిపోయింది నేనే."

రోజలిన్ పెద్దగా ఊపిరి వదిలింది. దగ్గరికొచ్చి, కూతురి తల మీద చెయ్యి పెట్టింది.

"మేకులు కొట్టినోళ్లనే సెమించేడు గదా సామి. నేనెంత? నిన్ను సెమించేసేను తల్లీ. ఇంక దాని గురించి ఏడవకు."

"మంచిదమ్మా," అంది మేరీ.

గుడి పెద్దలు ఇంకా రాలేదు. తల్లిని పక్కకి జరగమని చెప్పి, మేరీ ఒక్కతే వంగి సిలువని భుజానికెత్తుకుని గుమ్మం వైపు నడిచింది.