నీలం రంగు రాయి

మా బావ, అంటే అక్క భర్త, కామారెడ్డి–ఎల్లారెడ్డి మధ్య షేర్ ఆటో నడిపేవాడు. అప్పటికి తెలంగాణ ఇంకా రాలేదు. వానకాలం వరికోతల రోజుల్లో, పొద్దుగూకే వేళ ఖాళీ ఆటోతో వస్తూ మా ఊరి దగ్గర బోల్తా పడ్డాడు. చెయ్యి విరిగింది. తాగి పడ్డాడని తెల్లారేసరికి ఆటోల అడ్డా అంతా తేల్చేసింది. బావ కల్లు కూడా ముట్టడు. అయినా తాగుబోతు ఆటో ఎవరెక్కుతారు?

"జర పొయ్యి చూడు తమ్మీ, ఏదన్న రుజువు దొరుకుతదేమో," అని దవాఖానా నుంచి అక్క ఫోన్ చేసింది.

పోయాను. రుజువులు వెతికే పని నాకు కొత్త. అందుకని కనబడ్డదల్లా సెల్‌ఫోన్‌తో ఫొటో తీశాను. పగిలిన అద్దం, తారు మీద గీత. నన్ను చూసి నవ్విన మేకలాయన కూడా అందులో ఉన్నాడు. మా దగ్గర వడ్లు రోడ్డు మీదే ఎండబోస్తారు. బండ్లు తొక్కకుండా చుట్టూ రాళ్లు పెడతారు. వడ్లు ఎత్తుకుపోయేటప్పుడు రాళ్ల సంగతి ఎవరికీ గుర్తుండదు. గీత మొదలైన చోటికి కొంచెం అవతల, పొదలో అలాంటి రాయి ఒకటి పడి ఉంది. ఒక పక్క టైరు రాసుకున్న నలుపు, ఇంకో పక్క నీలం రంగు.

ఎవరి రాళ్లు వాళ్లు గుర్తుపట్టడానికి రంగు పూసుకుంటారు. ఆ నీలం మా ఇంటి దర్వాజకు మా బాపు వేయగా మిగిలింది. నాకు ఒళ్లు మండింది, ఎవరి మీదో తెలియలేదు.

కామారెడ్డి దవాఖానాలో అక్క ఫొటో చూసింది. "ఇది ఎవ్వరికి చూపెట్టకు. బాపు ఇజ్జత్ పోతది," అన్నది.

మంచం మీద నుంచి బావ, "మరి నాది?" అన్నాడు.

అక్క ఏడ్చింది. నేను బస్సెక్కి ఇంటికొచ్చి ఫోన్ బాపు చేతికిచ్చాను. చూపు ఆనక దూరంగా పెట్టి చూశాడు. చెప్పులేసుకుని బయటికి పోయాడు.

మరునాడు ఆ రాయిని ఎల్లారెడ్డి ఆటో అడ్డాకు మోసుకెళ్లి అందరి ముందు దింపాడు. "మా అల్లుడు తాగలే. రాయి నాది. తీసుడు మరిచిపోయిన."

ఒకరిద్దరు నవ్వారు. మిగతావాళ్లు నవ్వలేదు, వాళ్ల రాళ్లూ రోడ్డు మీదే ఉన్నాయి మరి.

చెయ్యి అతికాక బావ ఆటోలో జనం మళ్లీ ఎక్కారు. మరుసటి కోతలకు మా వడ్లు మళ్లీ రోడ్డెక్కాయి, వేరే జాగ లేదు. రాళ్లు మాత్రం పెట్టలేదు. వడ్ల అంచున, రాయి ఉండాల్సిన చోట, తలకు తెల్ల తువ్వాల చుట్టుకుని బాపు కూర్చున్నాడు. అల్లుడి ఆటో వచ్చినప్పుడల్లా లేచి నిలబడేవాడు.