సందేహం బాబాయి ఆపిన లైను

మా సందేహం బాబాయికి అనుమానం రాని విషయం ఈ భూమ్మీద లేదు. "బాగున్నావా బాబాయ్?" అని పలకరిస్తే, "బాగున్నాననే అనుకుంటున్నా. ఏం, మొహంలో ఏమైనా తేడా కనిపిస్తోందా?" అని మనల్నే ఎదురడిగేవాడు. ఇంటికి తాళం వేసి, లాగి చూసి, వీధి చివరిదాకా వచ్చి, మళ్లీ వెనక్కి వెళ్లి లాగి చూసేవాడు. "అలా లాగీ లాగీ మూడు తాళాలు ఊడబెరికారమ్మా. దొంగలైనా తాళాన్ని అంత హింస పెట్టరు," అని వాపోయేది పిన్ని.

నేను కార్ల ఫ్యాక్టరీలో చేరేనాటికే ఆయన అక్కడ పాతికేళ్ల సర్వీసు పూర్తి చేశాడు. కార్లు లైను మీద ఒకదాని వెనక ఒకటి కదిలి వస్తుంటే నేను తలుపులకు రబ్బరు అంచు తొడిగేదాన్ని. నా పక్కనే ఆయన సీట్ల బోల్టులు బిగించేవాడు. మా మధ్య చుట్టరికం ఏమీ లేదు. మొదటిరోజు నా చేతులవంక చూసి, "అమ్మాయ్, ఆ గ్లవ్సు రెండూ ఎడమచేతివేనేమో, ఓసారి చూసుకో," అన్నాడు. చూసుకుంటే నిజంగానే రెండూ ఎడమచేతివే! ఆ పూట నుంచి బాబాయి అయిపోయాడు.

మా తలల మీద లైను పొడవునా ఒక పసుపుపచ్చ తాడు వేలాడేది. లోపం కనిపిస్తే ఎవరైనా లాగవచ్చు. లాగితే లైను మొత్తం ఆగిపోతుంది. అందుకే మేమంతా దాన్ని పామును చూసినట్టు చూసేవాళ్లం. బాబాయి మాత్రం బస్సు కండక్టరు గంట కొట్టినంత తేలిగ్గా లాగేవాడు. సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చేవాడు.

"మళ్లీ ఏమైందయ్యా?"

"ఈ బోల్టు బిగించానా లేదా అని చిన్న సందేహమండీ."

"బిగించావు! కనిపిస్తోందిగా!"

"కనిపించడం వేరు, బిగిసి ఉండడం వేరు కదండీ."

పానా పెట్టి చూస్తే బోల్టు బండరాయిలా ఉండేది. "పోన్లెండి, మీ మనసు కూడా కుదుటపడింది," అనేవాడు బాబాయి. ఈలోగా రెండు నిమిషాలు హారతి కర్పూరం. సూపర్‌వైజరుది బట్టతల కావడానికి వాళ్ల నాన్న పోలిక కాదు, బాబాయే కారణమని ఫ్యాక్టరీలో చెప్పుకునేవారు. ఇప్పుడు అక్కడ బోల్టులు బిగించేది యంత్రాలేనట. పాపం, వాటికి సందేహాలు రావు.

నేను చేరిన కొన్నేళ్లకు లైను వేగం పెంచారు. జీతం మాత్రం ఉన్నచోటే కూర్చుంది. మాకే కూర్చునే వీల్లేదు. బాత్రూముకు వెళ్లాలన్నా బళ్లో పిల్లల్లా చెయ్యెత్తాలి. ఒకరోజు రంగులు వేసే విభాగంలో ఒకతను స్పృహతప్పి పడిపోయాడు. మర్నాడు అందరం పనిముట్లు కిందపెట్టి గేటు బయటికొచ్చేశాం. జీతం పెంచాలి, వేగం తగ్గించాలి, రెండు గంటలకోసారి పది నిమిషాలు విరామం ఇవ్వాలి. ఇవీ మేం అడిగినవి.

సమ్మెలోనూ బాబాయి ఊరుకుంటేనా! "'మా కోర్కెలు తీర్చాలి' అని అరుస్తున్నాం సరే, ఎవరు తీర్చాలో చెప్పకపోతే ఎదురుగా ఉన్న టీకొట్టువాడు హడలిపోడూ?" అని యూనియన్ కార్యదర్శిని నిలదీశాడు.

నాలుగో వారానికి ఇళ్లల్లో బియ్యం డబ్బాలు ఖాళీగా మోగసాగాయి. "ఇచ్చినకాడికి పుచ్చుకుని లోపలికి పోదాం," అనే గొంతులు పెరిగాయి. సరిగ్గా అప్పుడే మేనేజరు చర్చలకు పిలిచాడు. కార్యదర్శి, ఆడవాళ్ల తరఫున నేను, అందరికంటే పాతవాడు గనక బాబాయి వెళ్లాం.

"అన్నయ్యా, నీకు దణ్ణం పెడతా, నువ్వు మాత్రం నోరు విప్పకు," అని కార్యదర్శి దారిపొడుగునా బతిమాలాడు.

"విప్పనులే. మరి ఆవలింత వస్తేనో?"

మేనేజరు ఒక కాగితం మా ముందుకు తోశాడు. జీతం పెరిగింది, వేగం తగ్గింది. కార్యదర్శి మొహం వెలిగిపోయింది. సంతకానికి పెన్ను తీశాడు.

"చిన్న సందేహమండీ," అన్నాడు బాబాయి. "'వీలును బట్టి విరామం' అని రాశారు. ఆ వీలు ఎవరిదండీ? మాదా, లైనుదా?"

"అదేదో మాటవరసకు రాశాం."

"మాటవరసకైతే కొట్టేయొచ్చా అండీ?"

కార్యదర్శి పెన్ను మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. మేనేజరుకు ఒళ్లు మండింది. బీరువాలోంచి లావుపాటి రిజిస్టరు తీసి బల్లమీద పడేశాడు. "కిందటేడు ఈయన లైను ఆపింది మూడొందల పన్నెండు సార్లు! ఒక్కటంటే ఒక్క బోల్టయినా వదులుగా దొరకలేదు. ముందు ఈయన్ని పనిలోంచి తీసేయడానికి ఒప్పుకోండి. ఆ తర్వాతే విరామం సంగతి!"

బాబాయి తల వంచుకున్నాడు. ఏ ప్రశ్నా అడగకుండా ఆయన కూర్చోవడం నేను చూడ్డం అదే మొదలు.

రిజిస్టరు నావైపు తిప్పుకున్నాను. తేదీ, వేళ, కారణం. కారణం దగ్గర ప్రతిచోటా 'సందేహం' అనే ఉంది. ఒక పేజీలో నా వేలు ఆగిపోయింది. వరసగా తొమ్మిది రోజులు, రోజుకు నాలుగుసార్లు లైను ఆగింది. నా మణికట్టు వాచిపోయి, రబ్బరు నొక్కలేక ఏడుపు దిగమింగుకున్న రోజులవి. ఇంకో పేజీలో, అద్దాలు అమర్చే పెద్దాయన మోకాలి ఆపరేషన్ చేయించుకుని పనిలోకి వచ్చిన వారం. మరో పేజీలో, లైట్లు బిగించే అక్కకు ఏడో నెల.

"బాబాయ్, ఇవి బోల్టుల మీద సందేహాలు కావు కదూ?"

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. "అబ్బే, నిజంగానే సందేహం వచ్చిందమ్మా."

"ఏమని?"

"ఈ పిల్ల ఇంకో కారు వచ్చేదాకా నిలబడగలదా అని."

నేను తేదీలు ఒక్కొక్కటే పైకి చదివాను. ఏ రోజున ఎవరికి ఏమైందో నేనూ కార్యదర్శీ కలిసి చెప్పుకుంటూ పోయాం. ఆరో పేజీ దాటాక కార్యదర్శి మేనేజరువైపు తిరిగాడు.

"ఈ పుస్తకాన్ని కార్మికశాఖ వాళ్ల ముందు కూడా ఇలాగే చదువుతామండీ. ఇక ఈయన్ని తీసేస్తే మాలో ఒక్కరూ లోపల అడుగుపెట్టరు."

మేనేజరు రిజిస్టరు మూశాడు. కిటికీలోంచి గేటు దగ్గరున్న మావాళ్లకేసి చూశాడు. ఆఖరికి 'వీలును బట్టి' అన్న మాట కొట్టేసి, 'రెండు గంటలకోసారి పది నిమిషాలు' అని తన చేత్తోనే రాశాడు. బాబాయి ఉద్యోగం ఊసు మళ్లీ ఎత్తలేదు.

సోమవారం పొద్దున పనిలోకి వెళ్లాం. పది గంటలకు బెల్లు మోగింది, లైను ఆగింది. ఆ పది నిమిషాలూ ఏం చేసుకోవాలో మాకెవరికీ తోచలేదు. అత్తారింటికి కొత్తగా వచ్చిన అల్లుళ్లలా బిక్కమొహాలతో నిలబడ్డాం. బాబాయి మాత్రం ఒక అట్టపెట్టె విప్పి, నేలమీద పరుచుకుని, ఆ చివరికి వినిపించేలా గురక మొదలుపెట్టాడు.

పది నిమిషాలూ అయిపోయాయి. సూపర్‌వైజరు వాచీ చూసుకుంటూ వచ్చి బాబాయి బూట్ల దగ్గర ఆగాడు. ఇక కేకలేననుకున్నాం మేమంతా.

"ష్! లేపకండి," అన్నాడాయన మెల్లగా. లైను స్విచ్చువైపు నడక సాగించాడు. స్విచ్చు పది అడుగుల దూరంలో ఉంది. పది అడుగులు వేయడానికి అంతసేపు తీసుకున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు.