రూల్సు బాబాయ్ నోరు మెదపని ఇరవై రోజులు

రూల్సు బాబాయ్‌ని చూసి జాలిపడాలో, ఛీకొట్టాలో ఆ ఆఫీసులో ఇప్పటికీ ఎవరికీ తేలలేదు. నన్నడిగితే రెండోదే అంటాను గానీ, ముందు మనిషిని చూడండి. పొడుగు, కాస్త ముందుకు వంగిన మెడ, చొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్నులు. వాటిలో ఒకటి రాయదు. మరెందుకయ్యా అంటే రెండోదానికి తోడు అంటాడు. పంతొమ్మిదేళ్ళ ఉద్యోగంలో ఆయన వేసిన జోకు ఇదొక్కటే.

మందు కొన్నప్పుడు డబ్బాలో మడతలు మడతలుగా ఓ పల్చటి కాగితం వస్తుంది, మనం చదవకుండా పారేస్తామే, ఆ కాగితాలు తయారయ్యే ఆఫీసు అది. మందుల కంపెనీలు విషయమంతా ఎక్స్‌ఎంఎల్ ఫైళ్ళలో పంపుతాయి. పేరు చూసి బెదరకండి, బ్రహ్మవిద్యేం కాదు. ప్రతి ముక్కకూ ముందూ వెనకా ఒక పేరు తగిలించి ఉంటుంది. ఇది మందు పేరు, ఇది మోతాదు, ఇది హెచ్చరిక, ఇలా. తగిలించిన ఆ పేరునే ట్యాగు అంటారు. ఆ ఫైలును అచ్చుకు పనికొచ్చే పేజీగా మార్చాలి. మార్చడానికి బాబాయ్ రాసేది స్టైల్‌షీటు. అందులో ఉండేవన్నీ రూల్సే. ఈ ట్యాగు కనిపిస్తే లావు అక్షరాలు, ఆ ట్యాగు కనిపిస్తే చుట్టూ గీత. నాలుగు వందల పైచిలుకు రూల్సు, అన్నీ ఆయన రాసినవే. ఆయనకు ఆ పేరు అలా వచ్చింది.

ముక్కు మీద కోపం. కొత్తగా చేరిన ఒకమ్మాయి ఆ రూల్సులో వేలుపెట్టి ఒక పేజీ పాడుచేస్తే, దాన్ని అచ్చువేయించి ఆమె కుర్చీ వెనకాల అంటించాడు. సాయంత్రం దాకా ఆ అమ్మాయికి తెలియదు, వచ్చేపోయేవాళ్ళు ఎందుకు నవ్వుతున్నారో. మర్నాటి నుంచి రాలేదు. బాబాయ్ మాత్రం, నేర్చుకునేవాళ్ళకు ఆ మాత్రం సిగ్గుండాలి అన్నాడు.

ఆయన బావమరిదిని అదే ఆఫీసులో చేర్పించింది ఆయనే. భార్యకు ఒక్కడే తమ్ముడు, ఎక్కడా నిలకడలేనివాడు. మీ తమ్ముణ్ణి నేను మనిషిని చేస్తానని భార్య ముందు రొమ్ము విరుచుకుని తీసుకొచ్చాడు. తెచ్చి ఆరేళ్ళు తిట్టాడు. బావ దగ్గర రూల్సు నేర్చుకోలేక, తిట్లు తిని తిని, వాడు చడీచప్పుడు లేకుండా పక్కదారి పట్టి స్క్రిప్టులు, అంటే కంప్యూటరుకు వరసగా పని పురమాయించే చిన్న ప్రోగ్రాములు, రాయడం నేర్చాడు. బావ మూడు రోజులు చేసే పనిని స్క్రిప్టుతో ఒక పూటలో చేసి చూపించాడు. అది కూడా బావకు కాదు, నేరుగా మేనేజరుకు.

మేనేజరు ఇద్దర్నీ గదిలోకి పిలిచాడు. "బాబాయ్, ఏమనుకోకండి. మీ స్టైల్‌షీటు మీకు తప్ప ఇంకో మనిషికి అర్థం కాదు. మీకు జ్వరమొస్తే ఆఫీసుకే జ్వరమొస్తోంది. ఒక నెల రెండూ నడుపుదాం. సగం కాగితాలు మీ పద్ధతిలో, సగం స్క్రిప్టుతో. నెలాఖరున ఏదో ఒకటే ఉంచుదాం."

ఏదో ఒకటి అంటే ఎవరో ఒకరు అని బాబాయ్‌కి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. స్టైల్‌షీటు పోతే దాన్ని రాసేవాడికి ఆఫీసులో ఏం పని? యాభై రెండేళ్ళొచ్చాయి. ఆ పని తప్ప ఇంకోటి చేతకాదు. గదిలోంచి బయటికొస్తూ బావమరిది, "బావా, ఇందులో నీ మీద నాకేం లేదు" అన్నాడు. బాబాయ్ పళ్ళు నూరుతూ తన సీటుకు వెళ్ళిపోయాడు.

ఇక్కడ ఈ రెంటికీ తేడా ఒకటి చెప్పాలి. ఇల్లు మారుతున్నప్పుడు సామాను మోసే మనుషులు రెండు రకాలుంటారు. ఒకడు ఇల్లంతా ఊడ్చిపెట్టి తెస్తాడు. ఎక్కడ పెట్టాలో తెలియని సామానంటూ ఉంటే కొత్తింట్లో హాలు మధ్యలో పడేసి పోతాడు. చూడ్డానికి గలీజుగా ఉంటుంది, కానీ ఏదీ పోదు. ఇంకొకడు చేతిలో చీటీ పెట్టుకుని, అందులో రాసినవి మాత్రం తెచ్చి ముచ్చటగా సర్దుతాడు. చీటీలో లేనివి పాతింట్లోనే ఉండిపోతాయి, ఆ సంగతి నోరువిప్పి చెప్పడు కూడా. బాబాయ్ స్టైల్‌షీటు మొదటి రకం. రూలు లేని ట్యాగు ఎదురైనా అందులోని అక్షరాలు ఏ సింగారమూ లేకుండా పేజీలో వచ్చి పడతాయి. బావమరిది రాసిన స్క్రిప్టు రెండో రకం.

ఆ పేజీలన్నీ చదివి, తప్పులు దిద్ది, అచ్చుకు పోవచ్చని సంతకం పెట్టే మనిషి ప్రూఫక్క. నలభై ఐదేళ్ళుంటాయి, భర్త లేడు, మంచంలో ఉన్న అత్తగారిని తానే చూసుకుంటుంది. బాబాయ్‌ని అన్నయ్యా అని నోరారా పిలిచే మనిషి ఆ ఆఫీసులో ఈవిడొక్కతే. మధ్యాహ్నం ఇద్దరూ ఒకే బల్ల దగ్గర డబ్బాలు విప్పుకుంటారు. పద్నాలుగేళ్ళుగా ఆమె బాబాయ్ పేజీలే చదివింది. ఆ పేజీల్లో ఏదైనా వస్తే ఎక్కువగా వస్తుంది, అనవసరంగా వస్తుంది, అంతేగానీ పోవడమంటూ లేదు. దాంతో అసలు ఫైలు పక్కన పెట్టుకుని సరిపోల్చే అలవాటు ఆమెకు ఎప్పుడో తప్పిపోయింది. ఆమె కళ్ళు ఉన్నదాన్ని వెతుకుతాయి. లేనిదాన్ని వెతకాల్సిన అవసరం వాటికెప్పుడూ రాలేదు. ఆ అలవాటు చేసింది ఎవరో కాదు, బాబాయే.

పదో రోజున బాబాయ్ ఊరికే, అక్కసుతో, స్క్రిప్టు తయారుచేసిన ఒక కాగితం అక్క బల్ల మీంచి తీసి చూశాడు. పిల్లల జ్వరం మందు అది. మోతాదు పేరా చూడగానే ఆయనకు తేడా కొట్టింది. పన్నెండేళ్ళలోపు పిల్లలకు సగం మోతాదే ఇవ్వాలన్న వాక్యం ఉండాల్సిన చోట లేదు. గబగబా వెళ్ళి అసలు ఫైలు తెరిచాడు. వాక్యం అక్కడ భేషుగ్గా ఉంది. కాకపోతే దానికి తగిలించిన ట్యాగు హెచ్చరిక కాదు, నోటు, అంటే ఉత్త గమనిక. పదిహేనేళ్ళ కిందట టైపుచేసినవాళ్ళు హెచ్చరికల్ని కొన్నాళ్ళు నోటు అని వేసేవాళ్ళు. ఆ సంగతి ఆఫీసులో తెలిసింది బాబాయ్‌కి మాత్రమే. ఏ ట్యాగులు తేవాలో స్క్రిప్టుకు ఇచ్చిన జాబితాలో నోటు లేదు. ఎన్ని పాత ఫైళ్ళుంటే అన్నింట్లోనూ హెచ్చరిక ఎగిరిపోయినట్టే.

బాబాయ్ కడుపు చల్లబడింది. అవును, మొదట కలిగింది సంతోషమే, దాన్ని దాచిపెట్టి లాభం లేదు. వెంటనే లేచాడు మేనేజరు గదికి వెళదామని. రెండడుగులు వేసి ఆగాడు. ఇప్పుడు చెబితే ఏమవుతుంది? వాడు జాబితాలో ఒక్క పేరు చేరుస్తాడు, పది నిమిషాల పని. స్క్రిప్టు బాగుపడుతుంది, పోటీ మామూలుగా నడుస్తుంది. అదే నెలాఖరున, తేల్చే రోజున, అందరి ముందూ చెబితే? అప్పుడు వాడు తలకాయ ఎక్కడ పెట్టుకుంటాడు? బాబాయ్ తిరిగొచ్చి కూర్చున్నాడు.

ఆ రాత్రి కాదు, మర్నాడు పొద్దున కాఫీ తాగుతూ ఈ సంగతి భార్యతో అన్నాడు. భార్య గిన్నె తోముతూ ఆగింది.

"మరి ఈలోపు ఆ కాగితాలు బయటికి పోవా?" అంది.

"అచ్చయ్యి గోడౌన్లో ఉంటాయి. నెలాఖరుకు ఆపేయిస్తాగా."

"చెప్పేస్తే పోలా?"

"చెబితే మీ తమ్ముడికి పెద్దపీట, నాకు వీధి. నీకేది కావాలో చెప్పు."

ఆవిడ మళ్ళీ గిన్నె అందుకుంది. ఆ ఇంట్లో ఆవిడకు ఏది కావాలో అడగడం అదే మొదటిసారి, జవాబు ఆశించి అడిగిందీ కాదు.

ఇరవై రోజులు. మధ్యాహ్నం మధ్యాహ్నం ప్రూఫక్క ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాడు. తినగలిగాడు, అదీ చెప్పుకోవాలి. స్క్రిప్టు కాగితాల మీద ఆమె సంతకాలు పెడుతూ పోతోంది, ఐదు, పన్నెండు, ఇరవై ఆరు. ఒకరోజు డబ్బా మూత పెడుతూ ఆమే అడిగింది.

"అన్నయ్యా, ఆ స్క్రిప్టు కాగితాలు మరీ శుభ్రంగా ఉంటున్నాయి. దిద్దడానికి ఏమీ దొరకట్లేదు. నాకెందుకో మనసొప్పడం లేదు. నువ్వొకసారి చూడరాదూ?"

ఇంతకంటే మంచి అవకాశం దేవుడు మాత్రం ఎక్కణ్ణుంచి తెచ్చిస్తాడు? పోటీదారుడి పని చూడమని ఆమే అడుగుతోంది. చూశానమ్మా, ఇదీ సంగతి అంటే చాలు, ఆమె సంతకం ఆగేది. బాబాయ్ చేయి కడుక్కుని వచ్చాడు.

"నేను చూస్తే కుళ్ళుతో చూశానంటారు," అన్నాడు. "నువ్వు చదివావుగా. నీ కంటికి దొరకనిది నాకేం దొరుకుతుంది?"

ఆ పొగడ్తకు ఆమె మొహం వికసించింది. ఆ మధ్యాహ్నం ఇంకో నాలుగు కాగితాల మీద సంతకం పెట్టింది.

తేల్చే రోజు రానే వచ్చింది. మేనేజరు రెండు రకాల పేజీలూ బల్ల మీద పరిచాడు. బాబాయ్ పేజీల్లో అక్కడక్కడా ఏ రూలుకూ దొరకని ముక్కలు అడ్డదిడ్డంగా పడున్నాయి. స్క్రిప్టు పేజీలు అద్దంలా ఉన్నాయి. మేనేజరు చూపు ఎటు మొగ్గుతోందో అందరికీ తెలుస్తూనే ఉంది. అప్పుడు బాబాయ్ లేచి, ఆ పిల్లల మందు కాగితాన్నీ, అసలు ఫైలునూ పక్కపక్కన పెట్టి, లేని వాక్యం మీద వేలు ఆనించాడు. బావమరిది ఆ రెండింటినీ మార్చి మార్చి చదివి తల వంచుకున్నాడు. బాబాయ్ ఇరవై రోజులు కలలు కన్న దృశ్యం ఇదే, కన్నదానికంటే బాగా కుదిరింది.

అది అక్కడితో ఆగలేదు. మేనేజరు మెల్లగా అడిగాడు, "ఇది మీరెప్పుడు చూశారు బాబాయ్?"

ఇరవై రోజుల కిందట అనాలి. అంటే, అన్నాళ్ళూ ఎందుకు మూసుక్కూర్చున్నావంటారు.

"నిన్న," అన్నాడు బాబాయ్.

"స్క్రిప్టు కాగితాలు ఎన్ని అచ్చుకు వెళ్ళాయి?"

ప్రూఫక్క తన చిట్టా తిరగేసింది. రెండుసార్లు లెక్కపెట్టి, "నలభై ఒక్క రకాలు సార్. అన్నిటి మీదా నా సంతకమే," అంది.

నలభై ఒక్కటిలో మూడు రకాలు గోడౌను దాటి దుకాణాలకు చేరిపోయాయని గంటలో తేలింది. పెట్టెలు వెనక్కి తెప్పించారు. ఈలోపు ఎవరి పిల్లలకు ఎంత పట్టారో ఆఫీసుకు తెలియదు, తెలుసుకుందామన్నవాళ్ళూ లేరు. మందుల కంపెనీ నుంచి ఫోనొచ్చింది. వాళ్ళు స్టైల్‌షీటు గురించి అడగలేదు, స్క్రిప్టు గురించీ అడగలేదు. సంతకం ఎవరిదని అడిగారు.

స్క్రిప్టు సంగతా? బావమరిది జాబితాలో ఒక పేరు చేర్చాడు. తెలియని ట్యాగు కనిపిస్తే పని ఆపేసి కేకపెట్టేలా ఇంకో నాలుగు వరసలు రాశాడు. పది నిమిషాలు పట్టింది. మేనేజరు దాన్నే ఉంచాడు. నాలుగు వందల రూల్సూ ఏదో ఫోల్డరులో పడేశారు.

బాబాయ్ తన సామాను సర్దుకుంటుంటే మేనేజరు వచ్చి భుజం మీద చెయ్యేశాడు. "మీరెక్కడికి బాబాయ్? లేనిదాన్ని చూసే కళ్ళు మీవి. రేపట్నుంచి ప్రూఫు బల్ల మీదే. మీ బావమరిది తయారుచేస్తాడు, మీరు చదివి సంతకం పెట్టండి."

సీటు దక్కింది. ఎవరి సీటన్నది మేనేజరు చెప్పలేదు, బాబాయ్ అడగలేదు.

ప్రూఫక్క ఆ సాయంత్రం ఆ బల్ల దగ్గరే ఆయనకు పని అప్పజెప్పింది. ఎర్ర పెన్సిళ్ళు ఏ సొరుగులో ఉంటాయో, ఏ కంపెనీవాళ్ళు దేనికి గొడవపెడతారో, సంతకం కింద తేదీ ఎలా వేయాలో అన్నీ ఓపిగ్గా చెప్పింది. తన సంచి, చిన్న అట్టపెట్టె తీసుకుని లేస్తే, బాబాయ్ అట్టపెట్టె అందుకుని మెట్లు దిగి బస్టాపు దాకా వచ్చాడు. బెంచీ మీద కూర్చున్నాక ఆమె ఆయన వైపు తిరిగింది.

"అన్నయ్యా, నువ్వు నిన్న చూడబట్టి మిగతావి ఆగాయి. ఆ ముప్పై ఎనిమిదీ పోయుంటే నేను బతికుండగా నిద్రపోయేదాన్ని కాదు. అంతా నీ చలవే," అని చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. "ఇంట్లో అత్తయ్యకు ఏం చెప్పాలో ఆలోచించుకోవాలి. నువ్వేం బాధపడకు."

"నిజం చెప్పేద్దామనే అనుకున్నాను, ఈలోపు బస్సు వచ్చేసింది" అని ఆ తర్వాత భార్యతో అన్నాడు బాబాయ్. అబద్ధం. బస్సు రావడానికి ముప్పావుగంట పట్టింది. ఆ ముప్పావుగంటా ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు, అట్టపెట్టె ఆయన ఒళ్ళోనే ఉంది.